లంగ్ క్యాన్సర్ అని తేలాక ఆపరేషన్ దాకా: సర్కారు ఆసుపత్రిలో రోజులు పోకుండా ఎలా చూస్కోవాలి

మా మేనమామకి కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉందని సీటీ స్కాన్‌లో కనపడ్డ రోజుకీ, ఆపరేషన్ జరిగిన రోజుకీ మధ్య 109 రోజులు. అందులో డాక్టర్ చూసిన రోజులు, ఏదో ఒక టెస్ట్ జరిగిన రోజులు అన్నీ కలిపి లెక్కేస్తే పద్నాలుగో పదిహేనో, మిగతావన్నీ ఎదురుచూపులే. ఫైలు పట్టుకుని తిరిగింది నేనే కాబట్టి ఎక్కడెక్కడ పోయాయో నాకు బాగా తెల్సు. ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేక పోయినవి తక్కువ, ఒక గది నించి ఇంకో గదికి కాగితం వెళ్ళేలోపు పోయినవే ఎక్కువ. అక్కడి డాక్టర్లని తప్పుపట్టట్లేదు, పొద్దున ఓపీలో రెండు వందల మందిని చూసి మధ్యాహ్నం ఆపరేషన్లు చేసేవాళ్ళు వాళ్ళు. కానీ మన కేసు గురించి రోజూ గుర్తుపెట్టుకునే మనిషి ఆసుపత్రిలో ఎవరూ ఉండరు, ఆ మనిషి ఇంట్లోంచే రావాలి. ఆ పని మీ మీద పడి ఉంటే ఇది మీకోసమే.

ముందు ఒక మాట. క్యాన్సర్ అనగానే రేపే కోసేయాలి, లేకపోతే అయిపోయినట్టే అని కంగారుపడి పొలం అమ్మి కార్పొరేట్ ఆసుపత్రికి పరిగెత్తకండి. ఊపిరితిత్తి గడ్డలు చాలావరకు వారంలో రెట్టింపయ్యేవి కావు, సరైన పరీక్షల కోసం రెండు మూడు వారాలు పట్టడం తప్పు కాదు, అవసరం కూడా. ప్రమాదం ఎక్కడంటే ఆ మూడు వారాలు మూడు నెలలు అయిపోతాయి, మనకి తెలీకుండానే. అమెరికాలో రిటైర్డ్ సైనికుల ఆసుపత్రుల్లో మొదటి స్టేజ్ లంగ్ క్యాన్సర్ వాళ్ళ మీద చేసి 2021లో వేసిన ఒక పెద్ద స్టడీలో, స్కాన్‌లో కనపడ్డాక 12 వారాలు దాటి ఆపరేషన్ అయినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని తేలింది. బ్రిటన్ సర్కారు వైద్యంలో అయితే అనుమానంతో రిఫర్ చేసిన రోజు నించి 62 రోజుల్లో, చికిత్స ఇదీ అని నిర్ణయం అయ్యాక 31 రోజుల్లో చికిత్స మొదలవ్వాలని గడువు పెట్టుకున్నారు, వాళ్ళకే ఏళ్ళ తరబడి ఆ గడువు అందట్లేదు అనుకోండి. మనకి అలాంటి గడువు గోడ మీద రాసి లేదు. కాబట్టి మీరే రాసుకోవాలి.

1. తేదీ రాసుకోండి

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. మొదటి పేజీలో సీటీలో గడ్డ కనపడిన తేదీ. దాని కింద అక్కడి నించి ఆరు వారాలకి ఏ తేదీ, పన్నెండు వారాలకి ఏ తేదీ అని క్యాలెండర్ చూసి రాయండి. బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్ట్ వచ్చిన రోజు నించి లెక్కేయకండి, ఎందుకంటే బయాప్సీకే నెల పోయి ఉంటది, ఆ నెల లెక్కలోకి రాకుండా పోతది. మాకు అదే జరిగింది.

ఆ తర్వాత ప్రతి పేజీకి నాలుగు మాటలు చాలు: ఈరోజు ఎవరిని కలిశాం, ఏం చెప్పారు, తర్వాతి పని ఏంటి, అది ఏ తేదీన. ఏ గదిలోంచైనా బయటికొచ్చే ముందు ఆ చివరి రెండూ తెలియకపోతే బయటికి రావొద్దు. "రిపోర్ట్ వచ్చాక రండి" అంటే "ఏ రోజు వస్తది సార్, ఎక్కడ తీసుకోవాలి, తీసుకున్నాక ఎవరికి చూపించాలి" అని మూడూ అడగండి. "రిపోర్ట్ వచ్చాక రండి" అన్న ఒక్క మాట మీద మేం పంతొమ్మిది రోజులు ఇంట్లో కూర్చున్నాం, చూస్తే రిపోర్ట్ ఎనిమిదో రోజే వచ్చి కౌంటర్ దగ్గర పడుంది, ఫోన్ చేసి చెప్తారనుకున్నాం, ఎవరూ చెయ్యరు.

2. ఫైలు మీ చేతిలో ఉండాలి

సీటీ, పెట్ సీటీ (జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడ పాకిందో చూసే స్కాన్) ఫిల్ములు ఒక్కటే కాదు, సీడీ అడిగి తీస్కోండి. సర్జన్ చూసేది కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి, ఫిల్ము మీద ఆయనకి సగమే కనపడతది. రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి ఫోన్‌లో ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి.

బయాప్సీ విషయంలో చాలామందికి తెలీని సంగతి. తీసిన ముక్కని మైనం దిమ్మలో దాస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. వేరే ఆసుపత్రికి వెళ్తే వాళ్ళు ఆ బ్లాకులు, స్లైడ్లు తెమ్మంటారు, వాళ్ళ పాథాలజిస్ట్ మళ్ళీ చూసుకుంటాడు. అవి తీసుకోవడానికి లెటర్ రాసివ్వాలి, సంతకాలు కావాలి, ఆ సంతకం పెట్టే డాక్టర్ లీవులో ఉంటే వారం. కాబట్టి వేరే చోటికి వెళ్ళే ఆలోచన ఏ మాత్రం ఉన్నా ముందే అప్లికేషన్ ఇచ్చేయండి. బ్లాకులు పోగొట్టుకుంటే మళ్ళీ సూది గుచ్చాల్సిందే, జాగ్రత్త.

ఇంకోటి, ఒక తెల్ల కాగితం మీద పేషెంట్ కథ మొత్తం పది లైన్లలో రాసి ఫైలు పైన పిన్ చేయండి. వయసు, బీడీ సిగరెట్ ఎన్నేళ్ళు, షుగర్ బీపీ ఉందా, టీబీ ఎప్పుడైనా వచ్చిందా, ఏ టెస్ట్ ఏ తేదీన ఏం వచ్చింది, ఏది పెండింగ్. పీజీ డాక్టర్లకి పోస్టింగ్ మారుతూ ఉంటది, మీ కేసు బాగా తెలిసిన పాప వచ్చే నెల ఇంకో యూనిట్‌లో ఉంటది, కొత్తగా వచ్చిన బాబుకి మీ ఫైలు యాభై పేజీల కట్ట. ఆ ఒక్క కాగితం వల్ల మాకు ఎన్నోసార్లు పని అయింది.

3. ఇక్కడ ఊపిరితిత్తి ఆపరేషన్ చేస్తారా అని మొదటి రోజే అడగండి

ఇది చివర్లో అడుగుతాం మనం, అదే తప్పు. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసే ఆపరేషన్‌ని లోబెక్టమీ అంటారు. దాన్ని చేసేది సర్జికల్ ఆంకాలజీ వాళ్ళు, లేకపోతే గుండె ఆపరేషన్లు చేసే సీటీ సర్జరీ (కార్డియోథొరాసిక్, స్కాన్ సీటీ కాదు) డిపార్ట్‌మెంట్ వాళ్ళు. ఛాతీ డాక్టర్ జబ్బు కనిపెడతాడు, ఆపరేషన్ ఆయన చేయడు. జిల్లా ఆసుపత్రిలో, చాలా మెడికల్ కాలేజీల్లో ఈ ఆపరేషన్ ఎప్పుడోగాని జరగదు, గుండె కేసులు ఎమర్జెన్సీగా వస్తుంటే లంగ్ కేసు వెనక్కి వెళ్తా ఉంటది.

అడగాల్సిన మాట ఇది: "సార్, ఇక్కడ లోబెక్టమీలు అవుతున్నాయా, నెలకి ఎన్ని అవుతాయి, ఇప్పుడు లిస్టులో పేరు రాస్తే ఎన్ని వారాలకి వస్తది?" మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. అవ్వట్లేదు అని తేలితే అప్పుడే రిఫరల్ రాయించుకోండి, ఇక్కడి టెస్టులు అయ్యేదాకా ఆగకండి.

తెలంగాణలో అయితే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్. ఆంధ్రాలో విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్, తిరుపతిలో స్విమ్స్. ఇవి కాక ఆరోగ్యశ్రీ కింద ఉన్న ప్రైవేట్ ఆసుపత్రులు ఉన్నాయి, వాటికీ వెళ్ళొచ్చు, ఇది సర్కారు సొమ్ముతో జరిగే వైద్యమే, మొహమాటం అక్కర్లేదు. ఎక్కడికి వెళ్ళేముందైనా ఫోన్ చేసి లంగ్ సర్జరీ ఓపీ ఏ రోజో కనుక్కుని వెళ్ళండి, లేకపోతే రాత్రంతా బస్సులో వెళ్ళి "ఆ సార్ గురువారం వస్తారు" అని చెప్తే వెనక్కి రావాలి.

రైలు టికెట్ గురించి చెప్పడం మర్చిపోతానేమో, క్యాన్సర్ చికిత్సకి వెళ్ళేవాళ్ళకి ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం ఉంది. ఫారం ఆసుపత్రిలోనే సంతకం పెట్టిస్తారు.

4. టెస్టులు ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కన నడవాలి

నా వరకు అసలు విషయం ఇదే, 109 రోజుల్లో కనీసం 40 రోజులు మేం ఇక్కడే పోగొట్టుకున్నాం. ఎలా జరుగుతదంటే, బయాప్సీ చేస్తారు, రిపోర్ట్ కోసం ఆగుతాం. వచ్చాక పెట్ స్కాన్ రాస్తారు, దానికి డేట్ రెండు వారాలకి. అది వచ్చాక సర్జన్ దగ్గరికి పంపితే ఆయన బ్రెయిన్ ఎంఆర్ఐ, ఊపిరి టెస్ట్ అడుగుతాడు. అవి అయ్యాక మత్తు డాక్టర్ గుండె ఎకో అడుగుతాడు. ప్రతి దానికీ ఒక క్యూ, ప్రతి క్యూకి ఒక వారం. కానీ వీటిల్లో చాలావాటికి ఒకదానితో ఒకటి పని లేదు. బయాప్సీ రిపోర్ట్ రాలేదని ఎకో ఆపాల్సిన అవసరం ఏముంది?

అందుకని బయాప్సీకి శాంపిల్ ఇచ్చిన రోజే డాక్టర్‌ని అడగండి, "సార్, ఆపరేషన్ అవకాశం ఉంటే ఎలాగూ కావాల్సిన టెస్టులు ఇప్పుడే రాసిస్తే ఈ వారమే చేయించేస్తాం" అని. సాధారణంగా ఉండేవి ఇవి: పెట్ సీటీ, తలకి ఎంఆర్ఐ, ఊదించి చేసే పీఎఫ్‌టీ (అందులో డీఎల్‌సీఓ అని ఇంకోటి ఉంటది, అది అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఎక్కడ చేస్తారో కనుక్కోండి), ఈసీజీ, టూడీ ఎకో, రక్త పరీక్షలు, షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు). ఆయన అన్నీ రాయకపోవచ్చు, కొన్ని స్టేజ్ తెలిసాకే కావాలి అనొచ్చు, అది ఆయన ఇష్టం, కానీ అడిగితే సగం ఐనా ముందుకి జరుగుతాయి. డబ్బులు కట్టాల్సినవి ఏవి, స్కీమ్‌లో వచ్చేవి ఏవి అని అదే రోజు కనుక్కోండి, ముఖ్యంగా పెట్ స్కాన్.

వరసగా చేస్తే ఇంకో నష్టం, స్కాన్లు పాతబడిపోతాయి. ఆపరేషన్‌కి ముందు చూసే సీటీ గానీ పెట్ గానీ రెండు నెలల లోపుది అయ్యుండాలని డాక్టర్లు అనుకుంటారు. మిగతావి అయ్యేసరికి అది దాటిపోతే మళ్ళీ స్కాన్, మళ్ళీ క్యూ, మాకు సీటీ రెండుసార్లు తీయాల్సొచ్చింది. ఆలస్యమే ఇంకో ఆలస్యాన్ని కంటది.

ఇక్కడే మన దేశం వాళ్ళకి ముఖ్యమైన ఒక సంగతి. పెట్ స్కాన్‌లో ఛాతీ మధ్యలో గ్రంథులు మెరిస్తే క్యాన్సర్ అక్కడికి పాకింది, ఇక ఆపరేషన్ లేదు అని ఒక్కోసారి అనేస్తారు. కానీ మన దగ్గర పాత టీబీ వల్ల, వేరే ఇన్ఫెక్షన్ల వల్ల కూడా ఆ గ్రంథులు మెరుస్తాయి. కాబట్టి స్కాన్ ఒక్కటే చూసి ఆపరేషన్ లేదన్నారంటే, "సార్, ఆ గ్రంథి నించి ముక్క తీసి చూశారా, ఈబస్ చేయించాలా" అని అడగండి. ఈబస్ అంటే గొట్టం లోపలికి వేసి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో శాంపిల్ తీయడం. ఇది చేయించడానికి పది రోజులు పట్టినా అది వృథా కాదు, ఆగి చేయించాల్సిన టెస్ట్ ఇది. అన్ని ఆలస్యాలూ ఒకటి కాదు.

అలాగే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జీన్ టెస్టులు, గడ్డకి ఏ మందు పనిచేస్తదో తెల్సుకోడానికి చేసేవి. గడ్డ చిన్నది, నేరుగా ఆపరేషన్‌కే వెళ్తున్నాం అంటే దానికోసం ఆగాలా అని అడగండి. గడ్డ పెద్దదై ముందు కీమో, ఇమ్యునోథెరపీ అనుకుంటుంటే మాత్రం ఆ రిపోర్ట్ ముందే కావాలి. ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ అంటే అది కూడా ఆలస్యం కింద రాదు, వైద్యం మొదలైనట్టే.

టీబీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఎక్స్‌రేలో మచ్చ, దగ్గు, బరువు తగ్గడం అనగానే కళ్ళె పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మందులు మొదలుపెట్టడం మన ఊళ్ళల్లో చాలా మామూలు. మా మామయ్య కూడా సీటీ కంటే ముందు రెండు నెలలు అవి మింగాడు. నలభై దాటి, బీడీ చుట్ట అలవాటుండి, మందులు వేసుకుంటున్నా నెలకి తేడా లేకపోతే సీటీ అడగండి.

5. ఆరోగ్యశ్రీ కాగితాలు ఈరోజే సరిచూస్కోండి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నించి 10 లక్షలు. ఆంధ్రాలో ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. రెండు చోట్లా హెల్ప్‌లైన్ 104. డబ్బెంత అనేదానికంటే అప్రూవల్ ఎన్ని రోజులు పడతది అనేదే మన బాధ.

రేషన్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందా? ఇంటిపేరు ముందా వెనకా, పుట్టిన సంవత్సరం తేడా, రేషన్ కార్డులో అసలు పేరే ఎగిరిపోయిందా? ఆపరేషన్ డేట్ ఇచ్చాక ఇవి బయటపడితే మీసేవ చుట్టూ తిరగడానికే వారాలు పోతాయి. సీటీ రిపోర్ట్ వచ్చిన వారంలోనే చూస్కోండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటది, అక్కడ కార్డు చూపించి "ఈ కార్డు పనిచేస్తదా, లంగ్ ఆపరేషన్‌కి ప్రీఆథ్ పెట్టాలంటే ఏమేం కావాలి" అని లిస్టు రాయించుకోండి. ప్రీఆథ్ అంటే ఆపరేషన్‌కి ముందే స్కీమ్ వాళ్ళ దగ్గర తీసుకునే అనుమతి. ప్రీఆథ్ పెట్టాక రెండు రోజులకోసారి వెళ్ళి అడగండి, క్వెరీ పడిందా అని. బయాప్సీ రిపోర్ట్ క్లియర్‌గా స్కాన్ అవ్వలేదనో, ఫలానా పేజీ లేదనో క్వెరీ పడతది, ఎవరూ పట్టించుకోకపోతే అది అలాగే కూర్చుంటది. మాది ఆరు రోజులు అలా కూర్చుంది, ఇచ్చింది ఒక్క జిరాక్స్ కాగితం.

కార్డు లేనివాళ్ళు సీఎం రిలీఫ్ ఫండ్ కింద ఎల్ఓసీకి (ఖర్చు సర్కారు కడతదని ఆసుపత్రికి ఇచ్చే లెటర్) ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు, దానికి ఆసుపత్రి ఎస్టిమేట్ కావాలి. 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు 5 లక్షల దాకా ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఈఎస్ఐ వాళ్ళు రిఫరల్ లెటర్ గడువు ఎప్పటిదాకానో చూస్కోండి.

6. ట్యూమర్ బోర్డు

సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కేసు చూసే మీటింగ్ అది, మామూలుగా వారానికోసారి. ఒక రిపోర్ట్ తక్కువైతే మీ కేసు వచ్చే వారానికి పోతది. అందుకే ముందు రోజే వెళ్ళి "రేపు మాది పెడుతున్నారా, ఏమైనా తక్కువా" అని అడిగేయండి. బోర్డు ఏం చెప్పిందో చీటీ మీద రాయించుకోండి.

లిస్టు మరీ పొడుగ్గా ఉండి మీరు రాసుకున్న పన్నెండు వారాలు దాటేలా ఉంటే, ఈలోపు వేరే మార్గం ఏదైనా ఉందా అని అక్కడే అడగాలి. గడ్డ చిన్నదై, పేషెంట్‌కి ఆపరేషన్ తట్టుకునే శక్తి లేకపోతే కొన్ని రోజుల్లో అయిపోయే ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ ఉంది. అది ఎవరికి సరిపోతదో వాళ్ళే చెప్పాలి, మనం పట్టుబట్టేది కాదు. వేరే పెద్ద డాక్టర్ల అభిప్రాయం కావాలంటే టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ డాక్టర్లవి నవ్య అనే ఆన్‌లైన్ సర్వీస్ ద్వారా రిపోర్టులు పంపి తీసుకోవచ్చు, ముంబై దాకా ప్రయాణం తప్పుతది.

7. మనిషిని రెడీ చేయండి

డేట్ వచ్చాక కూడా ఆపరేషన్ ఆగేది ఎక్కువగా మన వైపు నించే. షుగర్ 300 ఉందని, దగ్గు జ్వరం ఉందని, రక్తం పల్చబడే మాత్ర ఆపలేదని వెనక్కి పంపేస్తారు. ఎదురుచూసే రోజుల్లోనే ఇవి చక్కబెట్టాలి.

బీడీ, సిగరెట్, చుట్ట ఈరోజే ఆపించండి. నెల ముందు ఆపితే ఆపరేషన్ తర్వాత కళ్ళె తక్కువ, న్యుమోనియా భయం తక్కువ. మా మామయ్య నలభై ఏళ్ళు తాగిన మనిషి, తిట్టినంత కాలం మానలేదు, పీఎఫ్‌టీ గదిలో ఊదలేక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకి, ఆ రోజు సాయంత్రం కట్ట తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

మూడు బంతులుండే ఊపిరి బొమ్మ, స్పైరోమీటర్ అంటారు, మందుల షాపులో దొరుకుతది. రోజుకి నాలుగైదు సార్లు, ఎలా పీల్చాలో ఫిజియో దగ్గర నేర్చుకుని చేయించండి. రోజూ నడక, తట్టుకోగలిగితే మెట్లు, ఎందుకంటే సర్జన్ కూడా మెట్లెక్కించి చూస్తాడు. తిండి తగ్గనివ్వొద్దు, గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు ఏది తింటే అది. క్యాన్సర్ అని తెలీగానే పథ్యం పేరుతో అన్నీ మాన్పించేవాళ్ళు ఉంటారు, వద్దు. ఆపరేషన్ లేటవుతుంది కదా ఈలోపు నాటుమందు వాడదాం అని ఎవరో ఒకరు వస్తారు, లివర్ టెస్ట్ తేడా వస్తే ఆపరేషన్ ఆగేది అక్కడే.

గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఎప్పుడు ఆపాలి, అసలు ఆపాలా అనేది మత్తు డాక్టర్‌నీ గుండె డాక్టర్‌నీ అడిగి రాయించుకోండి, సొంతంగా ఆపకండి. రక్తం ఇచ్చే ఇద్దరు ముగ్గురు మనుషుల్ని ముందే అనుకుని ఉంచండి, చుట్టాల పిల్లలు ఫోన్‌లో సరే అంటారు గానీ ఆ రోజుకి ఊళ్ళో ఉండరు.

ఈలోపు దగ్గులో రక్తం ఎక్కువ పడినా, ఆయాసం పెరిగినా, మొహం మెడ వాచినా, కొత్తగా విపరీతమైన తలనొప్పి, ఒక వైపు కాలో చెయ్యో పడిపోవడం, ఎముక నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, 108 పిలిచి అదే ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి.

8. డేట్ జరిపితే

జరుపుతారు, మాకు రెండుసార్లు. ఐసీయూ బెడ్ లేదని ఒకసారి, ముందు కేసు సాయంత్రం దాకా సాగిందని ఒకసారి, రెండోసారి ఆయన పొద్దున్నించి నీళ్ళు కూడా తాగకుండా గౌను వేసుకుని కూర్చుని ఉన్నాడు. కోపం వస్తది. ఆ కోపంలో డిశ్చార్జ్ రాయించుకుని వచ్చేయకండి. ఇంటికొస్తే లిస్టులో చివరికి పోయినట్టే. వార్డులోనే ఉండి, యూనిట్ చీఫ్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు నోట్‌బుక్ తెరిచి చూపించండి: "సార్, సీటీ ఈ తేదీన, ఈరోజుకి ఇన్ని వారాలు, స్కాన్ గడువు ఈ తేదీకి అయిపోతది, ఎప్పుడు పెట్టగలరు?" తేదీలు చూపిస్తే మాట బరువు వేరు. అరిస్తే మాత్రం సెక్యూరిటీ వాడు వస్తాడు, తేదీ రాదు.

అప్పటికీ కదలకపోతే ఆర్ఎంఓ (ఆసుపత్రి పాలన చూసే డాక్టర్), తర్వాత సూపరింటెండెంట్, కాగితం మీద రాసి ఒక కాపీ మీద స్టాంపు వేయించుకుని. స్కీమ్ వైపు సమస్య అయితే 104. అదీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి, ఆంధ్రాలో దాన్నే పీజీఆర్ఎస్ అంటారు. మేం సూపరింటెండెంట్ దాకా వెళ్ళాం, ఆయన నోట్‌బుక్ రెండు పేజీలు తిప్పి చూసి ఫోన్ ఎత్తాడు, నాలుగో రోజు పొద్దున మామయ్య పేరు లిస్టులో మొదటిది.

ఆపరేషన్ అయ్యాక తీసిన భాగాన్ని మళ్ళీ పాథాలజీకి పంపుతారు, తర్వాత కీమో కావాలా వద్దా అనేది ఆ రిపోర్ట్ బట్టే. కుట్లు విప్పడానికి వెళ్ళిన రోజే ఆ రిపోర్ట్ ఎక్కడ ఉందో అడిగి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి తేదీ వేయండి.